‘ఏదో ఒకటి పట్టుకురండి’ అంటే ఏం పట్టుకురావాలి?

ఈ వారం ఉత్తరం రాసినావిడ మొబైల్ నెట్‌వర్క్ సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించే ఒక చిన్న సంస్థలో ఎనిమిదేళ్లుగా ఇంజనీరు. పేరు, ఊరు రాయవద్దన్నారు. మార్చి మొదటి వారంలో స్పెయిన్‌లోని బార్సిలోనాలో జరిగే మొబైల్ రంగ ప్రదర్శన, సదస్సు అయిన మొబైల్ వరల్డ్ కాంగ్రెస్‌కు సంస్థ ఈసారి ఆమెను పంపాలనుకుంటోంది. ఇంతవరకు ఆమె దేశం దాటలేదు. ఇన్నేళ్లూ అక్కడికి వెళ్తూ వచ్చిన సీనియర్‌ను ఖర్చు తగ్గించుకోవడానికి ఈసారి ఆపేశారు. ఒక్కరికే టికెట్టు. పని లోతుపాతులు తెలిసిన మనిషి వెళ్తే మేలని ఆమె పేరు ఖాయం చేశారు.

ఆ మాట విన్న పగలంతా గాల్లో తేలిపోయానని, ఆ రాత్రి నుంచి కంటి మీద కునుకు లేదని రాశారు. కిందటి నెల ఒక విదేశీ క్లయింటుతో వీడియో కాల్ జరిగింది. ఆయన అడిగినది అర్థం కాక మూడుసార్లు మళ్లీ చెప్పించుకుని, చివరకు జవాబును చాట్ బాక్స్‌లో టైపు చేశారట. కాల్ అయ్యాక సీనియర్ నవ్వుతూ ‘‘అక్కడ చాట్ బాక్స్ ఉండదమ్మా’’ అన్నారట. ఆ తర్వాత పాత పరిచయాల వివరాలు అడిగితే ‘‘చూద్దాం’’ అని ఊరుకున్నారు. అప్పటినుంచి అంటీముట్టనట్టు ఉంటున్నారు. ఆయన చోటు లాక్కున్నానేమోనన్న బాధ ఆమెకు మరొకటి. ‘‘నేను అక్కడ ఏం చేయాలి సార్’’ అని మేనేజరును అడిగితే, ‘‘నాలుగు రోజులూ అన్నీ చూడండి, నలుగురినీ కలవండి, కంపెనీకి పనికొచ్చేది ఏదో ఒకటి పట్టుకురండి’’ అన్నారు. సదస్సుకు ఇంకా పది వారాలుంది. వెళ్తారో లేదో ఈ శుక్రవారంలోగా చెప్పాలి.

‘‘మానేస్తే పిరికిదాన్నంటారు. వెళ్లి ఖాళీ చేతులతో తిరిగొస్తే అంతకంటే అవమానం. ఇంగ్లీషు తడబడే నాలాంటివాళ్లు అలాంటి చోటికి వెళ్లవచ్చా?’’ అన్నది ఆమె ప్రశ్న.

మీ ఉత్తరంలో ఇంగ్లీషు ప్రస్తావన పేరాకు ఒకసారైనా వచ్చింది. మేనేజరు చెప్పిన మాట మాత్రం ఒక్కచోటే ఉంది. నాకు ఆ ఒక్కచోటే ముడి కనిపించింది. అన్నీ చూడండి, నలుగురినీ కలవండి, ఏదో ఒకటి పట్టుకురండి అంటే అది పని అప్పజెప్పడం కాదు. ఇలాంటి మాట చేతికిచ్చి పంపితే ఇంగ్లీషు దంచికొట్టేవాళ్లు కూడా బెంబేలెత్తుతారు. ఎక్కడికి చేరితే పని పూర్తయినట్టో తెలియనప్పుడు ఎంత చేసినా తక్కువే అనిపిస్తుంది. మీరు ఆ భయాన్ని తీసుకెళ్లి ఇంగ్లీషు మీద పెట్టారు. కిందటి నెల దెబ్బ తగిలింది అక్కడే కాబట్టి అది సహజమే.

మేనేజరు మీద నాకు కోపమేమీ లేదు. ‘ఏదో ఒకటి’ అనేవాళ్లలో ఎక్కువమందికి తమకేం కావాలో తమకే స్పష్టంగా తెలియదు. సీనియర్ వెళ్లినన్నాళ్లూ అడగవలసిన అవసరం రాలేదు, ఆయనే చూసుకునేవారు. ఇప్పుడు కొత్త మనిషి వెళ్తున్నారు కాబట్టి ఆ ఖాళీ బయటపడింది. దాన్ని పూరించే పని మీదే అనుకోండి. ఇలాంటి ప్రదర్శనకు ఒకరు సరుకు అమ్మడానికి వెళ్తారు, ఒకరు కొనడానికి. పాత క్లయింట్లతో కూర్చుని మాట్లాడటానికి వెళ్లేవాళ్లుంటారు, రంగం ఎటు పోతోందో చూసి రావడానికి వెళ్లేవాళ్లుంటారు. ఇవన్నీ ఒకే మనిషి నాలుగు రోజుల్లో చేయగలిగినవి కావు. మీ మేనేజరు మాటలో మాత్రం అన్నీ కలిసిపోయి ఉన్నాయి.

అందుకని ఆయనను మళ్లీ ‘ఏం చేయమంటారు’ అని అడగకండి. మీరే రాసి పంపండి. ఉదాహరణకు: ‘‘మన పాత క్లయింట్లలో ఇద్దరిని కలుస్తాను. పరీక్ష పరికరాలు తయారుచేసే నాలుగు సంస్థల దగ్గర ఫలానా రెండు ప్రశ్నలు అడుగుతాను. తిరిగొచ్చిన వారంలో నాలుగు పేజీల నివేదిక ఇస్తాను. దీనికి మీరు చేర్చేది, తీసేసేది ఏమైనా ఉందా?’’ ఇంతే. ఆయన సరేనంటే మీ పనికి హద్దు గీసుకున్నట్టే. ‘కొత్త క్లయింట్లను కూడా తేవాలి’ అంటే అదీ మంచిదే, ఆ కోరిక ఇప్పుడే బయటికి వచ్చింది. అప్పుడు అమ్మకాల విభాగం నుంచి ముందే అపాయింట్‌మెంట్లు కుదర్చమని అడగవచ్చు. అపాయింట్‌మెంట్లు లేకుండా అక్కడ నడుస్తూ నడుస్తూ క్లయింట్లను తేవడం టెస్టింగ్ ఇంజనీరు చేసే పని కాదని మర్యాదగానే చెప్పవచ్చు. తిరిగొచ్చాక ఇదే మాట చెబితే సాకులా వినబడుతుంది.

ఇక ‘అన్నీ చూడండి’ సంగతి. ఆ ప్రదర్శనను నడిపేది మొబైల్ ఆపరేటర్ల ప్రపంచ సంఘం జీఎస్‌ఎంఏ. 2006 నుంచి బార్సిలోనాలోనే జరుగుతోంది. 2013లో నగరం అంచున ఉన్న ఫీరా గ్రాన్ వియా ప్రాంగణానికి మారింది. ఎనిమిది పెద్ద హాళ్లు, వాటిని కలుపుతూ పైన పొడవాటి నడకదారి. 2025లో అక్కడికి 205 దేశాల నుంచి దాదాపు 1,09,000 మంది వచ్చారు. పాల్గొన్న సంస్థలు 2,900 పైచిలుకు. ఒక్కో సంస్థ దగ్గర ఒక్క నిమిషం నిలబడినా 48 గంటలు దాటుతుంది. ప్రదర్శన తెరిచి ఉండే సమయం నాలుగు రోజులూ కలిపితే అంతకంటే తక్కువ. అన్నీ చూసినవాళ్లు అక్కడ ఎవరూ ఉండరు, మీ సీనియర్‌తో సహా. రోజుకు రెండు హాళ్లు అనుకుని, మధ్యలో ఒకటి రెండు గంటలు ఏ పనీ పెట్టుకోకుండా వదిలేయండి. అనుకోకుండా దొరికే మంచి సంభాషణలకు చోటు అక్కడే ఉంటుంది.

పాస్‌లలో రకాలుంటాయి. ప్రదర్శన హాళ్లలోకి రానిచ్చే పాస్‌తో అన్ని ప్రసంగాలకూ వెళ్లనివ్వరు. సంస్థ మీకు ఏది కొంటోందో కనుక్కోండి. కొన్ని పెద్ద కంపెనీల స్టాళ్లలో లోపలి భాగాల్లోకి ముందే సమయం తీసుకున్నవారినే పంపుతారు. గుమ్మం దగ్గర ఆపేస్తే అది మీ ముఖం చూసి ఆపినట్టు కాదు.

ఇప్పుడు ఇంగ్లీషు. 205 దేశాల జనం పోగైన చోట ఇంగ్లీషు ఎక్కువమందికి రెండో భాష, కొందరికి మూడోది. స్టాల్‌లో నిలబడిన కొరియా ఇంజనీరు, ఆయన్ను ప్రశ్నలడిగే బ్రెజిల్ ఆపరేటరు, పక్కన వింటున్న పోలండ్ మనిషి అందరూ తలా ఒక యాసలో మాట్లాడుకుంటారు. పైగా హాల్లో హోరు. ‘మళ్లీ చెప్పండి’ అనడం అక్కడ సిగ్గుపడే విషయమే కాదు, ప్రతి సంభాషణలోనూ వినబడే మాట. వీడియో కాల్‌లో గొంతు తెగిపోతుంది, పెదవుల కదలిక అందదు, పది మంది మౌనంగా చూస్తూ ఉంటారు. అది ముఖాముఖి మాట్లాడటం కంటే కష్టం. ఆ ఒక్క కాల్‌ను బట్టి మీకు మీరే మార్కులు వేసుకోకండి. అన్నట్టు, చాట్ బాక్స్ అక్కడా ఉంటుంది. ఫోనులో ప్రశ్న టైపు చేసి ఎదుటివారికి చూపిస్తే ఎవరూ నవ్వరు. ఆ హోరులో వాళ్లకూ అదే సుఖం.

స్టాల్ దగ్గర జరిగేది కాస్త దగ్గరి నుంచి చెబుతాను. మీరు ఆగీ ఆగకముందే కంపెనీ చొక్కా వేసుకున్న కుర్రవాడెవరో ఎదురొచ్చి, పలకరింపు పూర్తికాకుండానే మీ బ్యాడ్జిని స్కాన్ చేయబోతాడు. చేయనిస్తే మీ మెయిల్ వాళ్ల అమ్మకాల జాబితాలోకి చేరుతుంది. ఇష్టం లేకపోతే ‘ముందు మాట్లాడుకుందాం’ అనవచ్చు. తర్వాత అతను బట్టీపట్టిన ప్రసంగం మొదలుపెడతాడు. అది అర్థం కాకపోయినా మునిగిపోయేదేమీ లేదు, అందులో సరుకు తక్కువే. అది ఆగగానే మీరు చెప్పవలసినవి రెండు వాక్యాలు: మేము ఫలానా పరీక్ష చేస్తాం, ఫలానా చోట ఆగిపోతున్నాం; దీని గురించి మాట్లాడగల ఇంజనీరు ఉన్నారా? ఈ రెండూ ఇంట్లో పైకి చదివి నోటికి పట్టించుకోండి. లోపలి నుంచి ఇంజనీరు వచ్చాక కాగితం మీద గీతలు మొదలవుతాయి. టవరు దగ్గరి బేస్ స్టేషను ఇక్కడ, నెట్‌వర్క్‌ను నడిపే కోర్ ఇక్కడ, పొరపాటు వస్తున్నది ఇక్కడ అని మీరు వేలు పెట్టి చూపిస్తారు. అప్పుడు మాట్లాడేది మీ ఎనిమిదేళ్ల అనుభవం. కీసైట్, రోడె అండ్ ష్వార్జ్, వయావి లాంటి పరీక్ష పరికరాల సంస్థల ఇంజనీర్లకు కూడా పని చేసే చేతులు ఎక్కడ ఇబ్బంది పడుతున్నాయో వినాలని ఉంటుంది. మీరేమీ యాచించడానికి వెళ్లడం లేదు.

నిజంగా భయపడవలసింది ఒకటుంది. అర్థం కాకపోయినా అయినట్టు తల ఊపడం. ధర, తేదీ, ‘మేము చేసి పెడతాం’ అన్న మాట, ఈ మూడింటిలో ఏది వచ్చినా మీ నోటితో తిరిగి చెప్పి సరిచూసుకోండి, లేదా మెయిల్‌లో పంపమనండి. క్లయింట్ల పేర్లు, వాళ్ల నెట్‌వర్క్‌లలో మీరు పట్టుకున్న లోపాల గురించి బయట ఎంతవరకు మాట్లాడవచ్చో వెళ్లేముందే మేనేజరును అడిగి పెట్టుకోండి. పనిలో పడి ఉత్సాహంగా మాట్లాడే ఇంజనీర్ల నోటి నుంచే ఇలాంటివి జారిపోతుంటాయి.

సీనియర్ విషయంలో మీ మనసు రెండు వైపులా లాగుతోంది. ఆయన అన్న మాట చిన్నతనంగా ఉంది, అందులో సందేహం లేదు. కానీ ఏటా వెళ్లే మనిషిని ఆపేసి, ఆ సంగతి గురించి ఆయనతో ఎవరైనా కూర్చుని మాట్లాడారా? మీ ఉత్తరం చదివితే మాట్లాడినట్టు లేదు. ఆయనకు తగిలిన దెబ్బ సంస్థ కొట్టినది. చేతికి అందినది మీరు. ఆయన చోటును మీరు లాక్కోలేదు. సంస్థ ఒక్కరికే చోటు ఉంచింది, ఆ చోటుకు మీ పేరు రాసింది. ఆ నిర్ణయానికి మీరు ఆయనకు సంజాయిషీ ఇవ్వనక్కరలేదు.

మరి పరిచయాలు? నేరుగా మేనేజరు దగ్గరికి వెళ్లి ‘ఆయన ఇవ్వడం లేదు’ అనవచ్చు. జాబితా మర్నాటికే మీ చేతికొస్తుంది. పేర్లూ మెయిళ్లూ ఉంటాయి. ఎవరితో ఏ మాట ఎక్కడ ఆగింది, ఎవరికి ఏ విషయంలో మన మీద అసంతృప్తి ఉంది అన్నది మాత్రం ఉండదు. అది ఆయన తలలోనే ఉండిపోతుంది, తిరిగొచ్చాక ఇద్దరి మధ్య మాటలూ ఉండవు. లేదా ఆయన దగ్గరికే వెళ్లి, పరిచయాలన్నీ ఇవ్వమనకుండా, చిన్న కోరిక కోరవచ్చు: ‘‘ఈ ఇద్దరిని కలవబోతున్నాను సార్. మీ తరఫున వాళ్లకు ఏమైనా చెప్పమంటారా? నేను వస్తున్నానని మీరొక మెయిల్ పెడితే బాగుంటుంది.’’ దీన్లో ఆయన పెద్దరికం ఆయనకు మిగులుతుంది. అయినా ‘చూద్దాం’ అంటారా, అనవచ్చు. అప్పుడు వారం ఆగి మేనేజరుకూ ఆయనకూ కలిపి మర్యాదగా ఒక మెయిల్ పెట్టండి. ఆ పరిచయాలు సంస్థవి, ఆయన సొంత ఆస్తి కావు. నేనైతే ముందు ఆయన దగ్గరికే వెళ్తాను.

వెళ్లకపోతే ఏమవుతుందన్నది కూడా దాచకుండా మాట్లాడుకుందాం. ఏమీ కాకపోవచ్చు. 2020లో ఈ ప్రదర్శన మొత్తం కరోనా భయంతో మొదలవడానికి పన్నెండు రోజుల ముందు రద్దయింది. ఆ ఏడు అక్కడికి ఎవరూ వెళ్లలేదు, ఫోన్లు మాత్రం మోగుతూనే ఉన్నాయి. మీకు ఇలాంటి జనసమ్మర్దం గిట్టదనుకోండి, బల్ల దగ్గర కూర్చుని చేసే పనే మీకు తృప్తి అనుకోండి, వద్దనడంలో పిరికితనమేమీ లేదు. అలాగని స్పష్టంగా చెప్పండి. ఆరోగ్యం, ఇంటి పని అని సాకు చెబితే వచ్చే ఏడూ ఇదే ఉత్తరం రాయవలసి వస్తుంది. అయితే వద్దనడం వల్ల పోయేది కూడా ఉంది. లోతుపాతులు తెలిసిన మనిషి అని ఒకసారి మీ పేరు పైకి వచ్చింది. అది మళ్లీ ఎప్పుడొస్తుందో మీ చేతిలో ఉండదు. పని ఏమిటో తేలకముందే భయపడి వద్దనడం మాత్రం తొందరపాటే.

నడిమి దారి ఒకటుంది: సీనియర్‌ను కూడా పంపమని అడగడం. సంస్థ ఒప్పుకుంటే ఆయన కోపం చల్లారుతుంది, మీకు తోడు దొరుకుతుంది. కానీ క్లయింట్లు ఆయన ముఖం చూసే మాట్లాడతారు. మీరు పక్కన నోట్సు రాసుకుంటూ ఉంటారు. మొదటిసారి అలా గడిస్తే చాలనుకుంటే అది తప్పు కాదు. నాకు ఈ దారి అంత నచ్చలేదు, మీ ఉత్తరంలో ఆయన నవ్వు చదివాక మరీను. మీ మధ్య ఎనిమిదేళ్ల సంగతులు మీకే తెలుసు. సదస్సు వద్దుగానీ ఇలాంటివి అలవాటు చేసుకోవాలని ఉందంటే, రెండు మూడు వందల మంది వచ్చే చిన్న సాంకేతిక సమావేశానికి ముందు పంపమని అడగవచ్చు. అక్కడ ప్రశ్నలడగడం సులువు. సంస్థకు కావలసింది మార్చిలోనే కాబట్టి ఒప్పుకోకపోవచ్చు.

వెళ్లడానికే మొగ్గు చూపితే వీసా పని రేపే మొదలుపెట్టండి. స్పెయిన్‌తో సహా ఐరోపాలోని చాలా దేశాలకు చెల్లే షెన్‌గెన్ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయవచ్చు, కనీసం 15 రోజుల ముందైనా చేయాలి. మామూలుగా 15 రోజుల్లో తేలుస్తారు. ఇంకా కాగితాలు చూడాలనుకుంటే 45 రోజుల వరకు పట్టవచ్చు. అపాయింట్‌మెంటు దొరకడానికి పట్టే రోజులు వేరే. పది వారాలంటే వినడానికి చాలానే ఉన్నట్టుంటుంది గానీ, ఈ లెక్కలో మిగిలేది కొంచెమే. పాస్‌పోర్టు గత పదేళ్లలో ఇచ్చినదై ఉండాలి, అక్కడి నుంచి తిరిగొచ్చే తేదీ తర్వాత మూడు నెలలైనా చెల్లాలి. కనీసం 30,000 యూరోలకు వైద్య బీమా కావాలి. ఆహ్వాన పత్రం కోసం సదస్సు నిర్వాహకులను, ఖర్చు భరిస్తున్నట్టు లేఖ కోసం మీ సంస్థను ఇప్పుడే అడగండి. ఆ కాగితాల నకళ్లు, హోటల్ చిరునామా, తిరుగు టికెట్టు చేతి సంచిలోనే పెట్టుకోండి. సరిహద్దు అధికారి అడిగినప్పుడు పెద్ద పెట్టె అందుబాటులో ఉండదు. చేతి ఖర్చులకు ముందే డబ్బు ఇస్తారా, బిల్లులు చూపాక ఇస్తారా అన్నదీ అడగడానికి మొహమాటపడకండి.

బార్సిలోనాలో విమానాశ్రయం నుంచి మెట్రో 9వ లైను నేరుగా ప్రదర్శన ప్రాంగణం వైపే వస్తుంది. రద్దీ మెట్రోల్లో జేబుదొంగల బెడద ఆ ఊళ్లో పేరు మోసినదే. ఫోను, పాస్‌పోర్టు వెనక జేబులో, తెరిచిన సంచిలో పెట్టకండి. మెడలో బ్యాడ్జిని ప్రాంగణం దాటగానే తీసేయండి. అత్యవసరమైతే 112. అలవాటైన బూట్లే వేసుకోండి, కొత్తవి కొనకండి. సాయంత్రం విందులకు పిలుపులు వస్తాయి. వెళ్లాలని నియమం లేదు. పగలు మీ పని మీరు చేసుకుంటే రాత్రి గదిలో పడుకోవడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. వెళ్లాలనిపిస్తే మీరు కలవవలసిన క్లయింటు ఉన్న విందుకు వెళ్లి, ఒక గంట ఉండి వచ్చేయండి.

గదికి చేరాక మాత్రం పావుగంట కూర్చుని ఆ రోజు ఎవరు ఏమన్నారో రాసుకోండి. మూడో రోజుకల్లా కార్డుల మీది పేర్లకు ముఖాలు గుర్తుండవు. ‘ఈ పరికరం మనకు పనికిరాదు, ఎందుకంటే’ అని మొదలయ్యే పేరా కూడా మేనేజరుకు పనికొచ్చేదే. దానివల్ల సంస్థకు ఒక కొనుగోలు ఖర్చు తప్పవచ్చు.

మేనేజరుకు ఆ మెయిల్ గురువారంలోపే పంపండి. శుక్రవారానికి జవాబు రాకపోతే వెళ్తాననీ వెళ్లననీ చెప్పకండి. ‘‘నా పని ఏమిటో మీరు ఖాయం చేయగానే జవాబు చెబుతాను, ఈలోగా వీసా కాగితాలు సిద్ధం చేసుకుంటున్నాను’’ అని రాయండి. ఆ మెయిల్‌ను కావాలంటే ఇంగ్లీషులోనే రాయండి, తప్పులున్నా సరే.